వైజాగ్ సిటీ టూర్ ప్యాకేజీ, ఊరివాళ్ళ సలహా: రెండూ వాడి చూశాక

విశాఖపట్నంలో దిగిన కుటుంబానికి లాడ్జి కౌంటరు దగ్గరగాని, రైల్వే స్టేషను బయటగాని మొట్టమొదట చేతికి అందేది ఒక రోజు సిటీ టూర్ ప్యాకేజీ కాగితం. ఏసీ కారు, డ్రైవరు, ఉదయం టిఫిన్ అయ్యాక బయలుదేరి రాత్రి భోజనం వేళకు తిరిగి దింపే ఏర్పాటు, వరుసగా స్థలాల పేర్లు: ఆర్‌కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, సింహాచలం. మేము ఆ ప్యాకేజీ తీసుకుని ఒకసారి తిరిగాము. మిగిలిన రోజుల్లో దానిని పక్కన పెట్టి, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన వాళ్ళు చెప్పినట్టు తిరిగాము. మా జట్టులో మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ, పదేళ్ళ లోపు పిల్లలు ఇద్దరూ ఉన్నారు కాబట్టి, ఈ సమీక్ష ఒంటరిగా బ్యాగు తగిలించుకుని తిరిగేవారికంటే కుటుంబాలకే ఎక్కువ ఉపయోగపడవచ్చు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్యాకేజీ కాగితంలో ఎక్కడికి వెళ్ళాలో ఉంటుంది, ఎప్పుడు వెళ్ళాలో ఉండదు. విశాఖలో ఆ రెండో సంగతే ముఖ్యం. ఇక్కడ దాచిపెట్టిన స్థలాలంటూ పెద్దగా లేవు, అన్నీ అందరికీ తెలిసినవే. అయితే ఒకే చోటు తెల్లవారుజామున ఒకలా, మధ్యాహ్నం ఒకలా, సోమవారం ఒకలా, మార్గశిర మాసంలో ఇంకోలా ఉంటుంది. ఆ తేడా తెలిసినవాడు ఊరివాడొక్కడే.

ప్యాకేజీతో మా అనుభవం ఇలా ఉంది. కారు శుభ్రంగా ఉంది, డ్రైవరు నిదానస్తుడు, అమ్మను ఎక్కించేటప్పుడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదంతా ఆ కాగితం అమ్మిన ఏజెన్సీ మీద. వాళ్ళు మాకు సోమవారం నాడు ప్రయాణం కట్టి, ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఆ రోజు సెలవన్న సంగతి చెప్పకుండా డబ్బు తీసుకున్నారు. గేటు ముందు ఫొటో దిగి వెనుదిరిగాము. ఎర్రమట్టి దిబ్బల దగ్గరకు మిట్టమధ్యాహ్నం చేర్చారు. ఆ ఎండలో పిల్లలు కారు దిగనన్నారు, దిగిన మేము పది నిమిషాలకే వెనక్కి వచ్చాము. మధ్యలో అడగకుండానే ఒక చేనేత దుకాణం దగ్గర ఆపారు. బేరం లేకపోయినా అరగంట అక్కడ గడిచిపోయింది. ఇక సింహాచలం చేరేసరికి దర్శనం క్యూ, వెనక్కి రావలసిన వేళ రెండూ ఢీకొన్నాయి. కైలాసగిరి మాత్రం బాగా కుదిరింది. పిల్లలకు టాయ్ ట్రైను, పెద్దవాళ్ళకు కూర్చోవడానికి నీడ, కొండ మీద శివపార్వతుల విగ్రహాల దగ్గర నుంచి తీరం వంపు కనిపించే దృశ్యం ఏ వేళకు వెళ్ళినా నిరాశపరచవు. ప్యాకేజీలో వేళతో నిమిత్తం లేని చోటు అదొక్కటే అనుకుంటాను.

ఆ సాయంత్రం లాడ్జి మేనేజరు, మా నిట్టూర్పులు విని, కురుసురకు మరునాడు వెళ్ళమని, కాని చీకటి పడ్డాక కాకుండా తెరిచిన కాసేపటికే వెళ్ళమని చెప్పాడు. ఆ మాట విన్నందుకు లోపల తోపులాట లేకుండా చూడగలిగాము. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన ఈ సోవియట్ తయారీ జలాంతర్గామి 91 మీటర్ల పొడవుంటుంది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. లోపల దారి ఒక మనిషి పట్టేంతే. గుండ్రటి ద్వారాల్లో ఒంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్నవారికి అది కష్టమని టికెట్టు కౌంటరు దగ్గర ఎవరూ చెప్పలేదు కాని, మేనేజరు ముందే హెచ్చరించాడు. అమ్మ బయట బల్ల మీద కూర్చుని సముద్రాన్ని చూసింది. లోపల నౌకాదళంలో పనిచేసి వచ్చిన ఉద్యోగులే టార్పెడో గొట్టాలను, నావికులు వంతులవారీగా పడుకున్న ఇరుకు బెర్తులను వివరిస్తారు. రద్దీ తక్కువగా ఉంటే వాళ్ళు ఓపిగ్గా చెబుతారు, మా పెద్దవాడు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఒకాయన జవాబిచ్చాడు. జనం తోసుకొస్తుంటే అది సాధ్యం కాదు. అదే టికెట్టు, అదే జలాంతర్గామి, వేళ మారితే పిల్లలకు దక్కేది ఇంత మారుతుంది.

ఊరివాళ్ళ సలహాల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది చేపల రేవు. ఏ ప్యాకేజీలోనూ అది ఉండదు, ఉండకపోవడానికి కారణమూ ఉంది: వాసన, బురద, తెల్లవారకముందే లేవవలసి రావడం. మేము మొదట ఉదయం తొమ్మిది దాటాక వెళితే, గట్టు మీద కడిగిన నేల, ఖాళీ బుట్టలు మాత్రమే కనిపించాయి. మిగిలిన కవళ్ళ చేపలు సర్దుకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "ఏటమ్మా, సేపల రేవుకి ఈ యేలకా వొత్తారు? రేపు బేగొచ్చీండి, సీకటుండగానే" అని నవ్వింది. మరునాడు ఆమె చెప్పినట్టే వెళ్ళాము.

తూరుపు తెల్లబడుతుండగా మరపడవలు ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుంటూ గట్టుకు చేరుతాయి. పడవలో ఉన్నవాళ్ళు ప్లాస్టిక్ బుట్టలు అందిస్తుంటే గట్టు మీది వాళ్ళు అందుకుని, చేపలను రకాలవారీగా కుప్పలు పోస్తారు. వేలం పాట పాడే మనిషి ఒక్కో కుప్ప దగ్గర నిలబడి ధర పలుకుతుంటే చుట్టూ మూగిన బేరగాళ్ళు తలాడించడంతోనో వేలు ఎత్తడంతోనో కొనేస్తుంటారు, మాట కలిపే తీరిక ఎవరికీ ఉండదు. మనలాంటివాళ్ళు ఆ పాటలో తలదూర్చకూడదని, పాటలో కుప్పలు కొనుక్కుని పక్కన కూర్చునే ఆడవాళ్ళ దగ్గర చిల్లరగా కొనుక్కోవాలని ఊరివాళ్ళ సలహా. వాళ్ళ ముందు కోనాం, చందువ, కానాగంతలు, నెత్తళ్ళు, రొయ్యలు, పీతలు పరిచి ఉంటాయి. తాజాదనం చూడాలంటే మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూడాలని, కన్ను మసకబారితే ఆ చేప వదిలేయాలని ఆ పెద్దావిడే చూపించింది. కొన్న చేపను పక్కనే కత్తిపీట ముందు కూర్చున్న ఆవిడ పొలుసు తీసి, రెక్కలు కోసి, పేగు లాగి, ముక్కలు కొట్టి కవరులో వేయడానికి పట్టిన సమయం నేను చిల్లర వెతుక్కునే సమయం కంటే తక్కువే. రబ్బరు చెప్పులు వేసుకోవాలి, ఖరీదైన బట్టలు వద్దు, చిన్న నోట్లు దగ్గర ఉంచుకోవాలి, పడవల దగ్గర పనిచేసేవాళ్ళ దారికి అడ్డం నిలబడి ఫొటోలు తీయకూడదు.

లాడ్జిలో దిగినవాళ్ళకు పచ్చి చేపతో పని ఉండదు కాబట్టి చూసి రావడమే. మాకు మర్రిపాలెంలో బంధువులున్నారు, కానాగంతలు వాళ్ళింటి పులుసులోకి వెళ్ళాయి. ఇంకొక ముఖ్యమైన మాట: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు, తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిబంధన. సరిగ్గా అవే వేసవి సెలవుల్లో వచ్చేవాళ్ళు రేవులో వరుసగా కట్టేసిన పడవలను, వలలు బాగుచేసుకునే మనుషులను చూడగలరు గాని, పాట సందడిని చూడలేరు. ఆ రోజుల్లో హోటల్లో సముద్రపు చేప అంత తాజాగా ఎలా వచ్చిందని సర్వరును అడగడం కూడా మంచిదే.

రేవు నుంచి పాతనగరం దగ్గరే. వన్ టౌన్ ప్రాంతాన్ని మాకు చూపించినది బురుజుపేటలో ఉండే ఒక రిటైర్డు మాస్టారు, మా బంధువులకు తెలిసినవారు. ఆయన డబ్బేమీ పుచ్చుకోలేదు, ఎండ ఎక్కకముందే ముగించాలన్నది ఒక్కటే ఆయన షరతు. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడితో మొదలుపెట్టారు. అమ్మవారి మీద పైకప్పు ఉండదు, ఎండా వానా నేరుగా పడుతాయి. భక్తులు తమ చేతులతోనే పసుపు, కుంకుమ, పాలు సమర్పించుకోవచ్చు, మధ్యలో పూజారి అవసరం లేదు. మార్గశిర మాసంలో, అందులోనూ గురువారాల్లో, ఆ వీధులన్నీ జనంతో నిండిపోతాయి. అమ్మవారి వైభవం చూడాలంటే అప్పుడే రావాలని, అమ్మవారిని నెమ్మదిగా తాకి దండం పెట్టుకోవాలంటే మామూలు రోజు పొద్దున్నే రావాలని, రెండూ ఒకేసారి కావాలంటే కుదరదని మాస్టారు తేల్చి చెప్పారు. మా అమ్మ రెండోది కోరుకుంది. తన చేత్తో పసుపు రాసి, పక్కన కొత్తగా పుట్టిన బిడ్డను తెచ్చిన దంపతులతో మాట్లాడుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ప్యాకేజీ డ్రైవరు ఉంటే ఆ ఆలస్యానికి హారను కొట్టేవాడు.

అక్కడి నుంచి కురుపాం మార్కెట్టు కమాను, విక్టోరియా రాణి విగ్రహం, పాత పోస్టాఫీసు వైపు సందులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటాయి. కారు దూరని సందులే ఎక్కువ. 1847 నాటి సెయింట్ అలోషియస్ బడి దగ్గర ఆగి, సర్ సి.వి. రామన్ చిన్నప్పుడు ఇక్కడ చదువుకున్నారని, ఆయన తండ్రి ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకులని మాస్టారు చెబుతుంటే, ఆ గర్వం తమ ఇంటి పిల్లవాడి సంగతి చెబుతున్నట్టుంది. తరువాత మూడు కొండలు: ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, మూడూ పక్కపక్కనే, మూడింటి చూపూ ఓడరేవు ముఖద్వారం మీదనే. అమ్మ మెట్లు ఎక్కలేక కింద ఒక అరుగు మీద ఆగింది. పైకి వెళ్ళిన మాకు, టగ్గుల సాయంతో ఒక సరుకు ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలికి వస్తూ కనిపించింది. ఎంత నెమ్మదిగా కదిలిందంటే, అది ఆగిందా నడుస్తోందా అని పిల్లలు పందెం కాశారు. 1933లో ఈ ఓడరేవు ప్రారంభం కాకముందు ఓడలు దూరంగా లంగరు వేసి ఉంటే, పడవల్లో సరుకు మోసి ఒడ్డుకు చేర్చేవారని మాస్టారు అక్కడే చెప్పారు. ముఖద్వారాన్ని ఎదురుగా పెట్టుకుని వింటే ఆ సంగతి పిల్లలకు కూడా అర్థమైంది.

పాతనగరపు నడకకు లోపం లేకపోలేదు. మంచి మరుగుదొడ్డి దొరకదు. ఈ సంగతి మగవాళ్ళు ఎవరూ ముందుగా చెప్పరు, మాకూ ఎవరూ చెప్పలేదు. నీడ తక్కువ, కాలువల పక్కన నడక చూసుకోవాలి. మాస్టారు "దగ్గరే, రెండు అడుగులు" అన్న ప్రతిసారీ ఆ రెండు అడుగులు పావుగంట పట్టాయి. అది ఆయన ఒక్కరి దోషం కాదు, విశాఖలో ఎవరిని అడిగినా అన్నీ దగ్గరే.

భీమిలికి, అంటే భీమునిపట్నానికి, వెళ్ళడం గురించి ఊరివాళ్ళు కొంత వాదించుకున్నాక తేల్చినది 900కె సిటీ బస్సు. రైల్వే స్టేషను నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా రుషికొండ దాటి తీరం వెంబడి భీమునిపట్నం వెళుతుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే రుషికొండ దాటాక సముద్రం చాలా దూరం పక్కనే వస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆంధ్రప్రదేశ్ మహిళలకు ప్రయాణం ఉచితం, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. దానితో రద్దీ కూడా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్ళేవారు మధ్యలో కాకుండా బయలుదేరే చోటే ఎక్కడం మంచిది. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, స్నానాల గదులూ శుభ్రతా ఆర్‌కే బీచ్ కంటే మెరుగు. ఆదివారం సాయంత్రం మాత్రం అటు చూడవద్దని అడిగిన ప్రతివారూ చెప్పారు. భీమిలిలో డచ్చివారి సమాధులు, పాత లైట్‌హౌస్, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు ఒక పూటకు సరిపోతాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు, ఇప్పటికీ మధ్యాహ్నం నిద్రపోతుంది.

తిరుగుదారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర, ఈసారి ఎండ వాలాక దిగాము. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్మారకంగా గుర్తించిన ఈ దిబ్బల్లో, వాన నీరు కోసిన లోతైన గాడుల అంచుల మీద ఏటవాలు వెలుతురు పడితే, మధ్యాహ్నం ఒకే రంగు ముద్దగా కనిపించినది పొరలు పొరలుగా విడిపోయి కనిపిస్తుంది. గోడలు గట్టిగా కనిపిస్తాయి గాని ఇసుకే, చెయ్యి ఆనిస్తే రాలుతుంది. పిల్లలను వాటి మీదకు ఎక్కనివ్వకూడదని, వానాకాలంలో గాడుల లోపలికి దిగకూడదని బస్సులో పక్క సీటు వ్యక్తి హెచ్చరించి మరీ దిగనిచ్చాడు. చీకటి పడకముందే రోడ్డు మీదకు వచ్చేయాలి, దీపాలు ఉండవు.

తిండి విషయంలో మాత్రం ఊరివాళ్ళ మాట మీద నాకు అంత గురి కుదరలేదు. అడిగిన ప్రతివారూ తమ పేట చివర ఉన్న హోటలే ఊరికి తలమానికమన్నారు. సీతమ్మధార వాళ్ళు గాజువాక వైపు తిండిని లెక్కలోకే తీసుకోరు, గాజువాక వాళ్ళూ అంతే. కొందరు చెప్పిన హోటళ్ళు ఎప్పుడో మూతపడ్డాయి. దారి గుర్తులతోనూ ఇదే ఇబ్బంది: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పడగొట్టిన మర్రిచెట్టును ఇంకా మలుపుకు గుర్తుగా చెప్పేవాళ్ళున్నారు. అందరూ ఏకమై చెప్పిన రెండు మాత్రం నిజంగా బాగున్నాయి. ఒకటి, తెల్లవారి బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపి నడిచేవాళ్ళకు వదిలే వేళలో బండి మీద దొరికే చోడి (రాగి) అంబలి. మజ్జిగ కలిపి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ నంజుకు ఇస్తారు, మా అమ్మకు ఈ ప్రయాణంలో నచ్చిన తిండి అదొక్కటే. రెండోది సాయంత్రపు మురీ మిక్చర్. బండివాడు మరమరాలు, సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, వేయించిన పల్లీలు, కారం గిన్నెలో వేసి, నిమ్మచెక్క పిండి, గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి కాగితం పొట్లంలో పోసి ఇస్తాడు. నడుస్తూ తినాలి, ఆగితే మెత్తబడిపోతుంది.

ఊరివాళ్ళ మాట తప్పకుండా వినవలసిన విషయం సముద్రం. ఆర్‌కే బీచ్‌లో నీళ్ళలోకి దిగవద్దని చెప్పనివారు లేరు. ఒడ్డు దగ్గరే లోతు హఠాత్తుగా పెరుగుతుంది, వెనక్కి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది, ప్రాణాలు పోయిన సంఘటనలు జరుగుతూనే ఉన్నాయి. ప్యాకేజీలో ఆ బీచ్‌కు గంట సమయం ఇచ్చి వదిలేశారే తప్ప, ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. నా దృష్టిలో ఆ కాగితంలోని అతి పెద్ద లోపం ఇదే.

సింహాచలం గురించి కూడా ఒక మాట. స్వామి నిజరూపం అక్షయ తృతీయ నాడు జరిగే చందనోత్సవంలోనే కనిపిస్తుంది, మిగతా ఏడాదంతా చందనపు పూతలోనే దర్శనం. ఆ రోజున కుటుంబంతో వెళ్ళాలనుకుంటే ముందుగా ఏర్పాటు చేసుకోక తప్పదు. ఆషాఢ పౌర్ణమికి జరిగే 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ సమయంలో నగరంలోని చాలా రోడ్లు భక్తులవే, ఆ రోజు కారు ప్యాకేజీ కొనడం డబ్బు దండగ. మామూలు రోజుల్లో ఉదయం మొదటి బస్సుల్లో వెళితే మెట్ల మార్గం దగ్గర సంపెంగలు అమ్మేవాళ్ళు కూడా కనిపిస్తారు.

మొత్తం మీద, ఒక్క రోజే చేతిలో ఉన్నవారికి, నడవలేని పెద్దలు ఎక్కువగా ఉన్నవారికి ప్యాకేజీ కారు అవసరమే. అయితే సోమవారం తీసుకోవద్దు. దిబ్బలను వరుసలో చివరికి మార్చమని, సింహాచలాన్ని ముందుకు తెమ్మని, దుకాణాల దగ్గర ఆపవద్దని డబ్బు ఇవ్వకముందే మాట తీసుకోవాలి. ఆ షరతులతో 5కు 3 ఇస్తాను, అవి లేకుండా మాకు దక్కినదానికి 2. ఊరివాళ్ళ సలహాకు 4. తగ్గిన ఆ ఒక్క మార్కు మరుగుదొడ్ల గురించి, మెట్ల గురించి ఎవరూ చెప్పనందుకు. ఆడవాళ్ళను, పెద్దవాళ్ళను విడిగా అడిగితే ఆ రెండూ కూడా తెలుస్తాయి. మా అమ్మకు కురుపాం మార్కెట్టు దగ్గర దారి చెప్పినది పూలమ్మే ఆవిడే.